నాగజ్యోతికి మిగిలిన కల

సంఘంలో కలలు పంచుకున్న రోజున నాగజ్యోతికి మిగిలింది పిలాతు భార్య కల.

ఆ పంపకం ఆదివారం ఆరాధన అయ్యాక, చాపలు చుట్టకముందే జరిగింది. ఈ నెలంతా గురువారం స్త్రీల కూడికలో బైబిల్లోని కలల గురించే మాట్లాడుకోవాలని, ఒక్కొక్కరు ఒక్కో కల తీసుకుని అందులో తాము నేర్చుకున్న పాఠం చెప్పాలని పాస్టరమ్మగారు చీట్లు వేయించారు. యాకోబు నిచ్చెన అమ్మగారికే వచ్చింది. ఎట్లా వచ్చిందో ఆ ప్రభువుకే తెలియాలి. ఫరో కలలోని బలిసిన ఆవులు, బక్క ఆవులు శివపార్వతికి పడ్డాయి. ఆమెకు రెండు గేదెలున్నాయి, ఎంతసేపైనా చెప్పగలదు. నాగజ్యోతి చీటీ విప్పి, బైబిలు తిరగేసి చూసుకుంటే ఏముంది? ఒకే ఒక్క వచనం. యేసుకు తీర్పు తీర్చబోతున్న మొగుడికి ఒకావిడ కబురంపింది, ఆ నీతిమంతుడి జోలికి పోవద్దని, ఆయన గురించి కలలో చాలా బాధపడ్డానని. అంతే. ఆమె పేరు లేదు. కల ఏమిటో లేదు. కబురు విని మొగుడేమన్నాడో కూడా లేదు, ఆ తర్వాత జనం ముందు చేతులు కడుక్కున్నాడని తప్ప.

"ఒక్క వచనం మీద అంతసేపు ఏం చెప్పమంటారు అమ్మగారూ? పోనీ ఆ ఆవులన్నా ఇప్పించండి."

"నా ఆవుల జోలికి రాబాకే," అంది శివపార్వతి. ఆడవాళ్లంతా నవ్వారు.

"గురువారం దాకా టైముంది గదా జ్యోతీ. ప్రార్థన చెయ్యి, దేవుడే ఇస్తాడు," అన్నారు అమ్మగారు.

దేవుడిస్తాడో లేదో గానీ, శనివారం పనిలోంచి వస్తూ మిరప కల్లంలో మర్చిపోయిన టిఫిన్ క్యారియర్ మాత్రం ఎవరూ తెచ్చివ్వరు. అందులో పులుసన్నం మిగిలింది, సోమవారానికి కంపు కొడుతుంది. నాగజ్యోతి బైబిలు చంకలో పెట్టుకుని చర్చి నుంచి అటే నడిచింది. మాడు పగిలే ఎండ. శేషాచలం గారి కల్లం ఊరి చివర పర్చూరు రోడ్డు పక్కన ఉంది. కాపలా ఉండే బుడే లేడు, అతని భార్య షమా కూడా లేదు. వాళ్లుండే పరదాల గుడిసె ముందు పొయ్యి చల్లారి ఉంది. శేషాచలం గారి బావమరిది కోటేష్ మాత్రం ఒక్కడే ట్రాలీ ఆటోలోకి మిర్చి తొక్కిన టిక్కీ బస్తాలు ఎత్తుతున్నాడు. చొక్కా మొత్తం తడిసి వీపుకు అంటుకుపోయింది. నలభై కిలోల బస్తా ఎత్తడం అలవాటు లేని చేతులని చూస్తేనే తెలుస్తోంది.

ఆమెను చూసి ఉలిక్కిపడి, వెంటనే నవ్వాడు. "ఏం జ్యోతీ, ఆదివారం కూడా పనికొచ్చావే?"

"క్యారియర్ మర్చిపోయా బాబూ."

"తీసుకుపో తీసుకుపో. బావ మిర్చి యార్డుకి శాంపిల్ పంపమన్నాడు."

శాంపిలంటే ఒక కవరెడు కాయలు గానీ, టిక్కీలకు టిక్కీలేమిటని ఆమెకు ఒక్క క్షణం అనిపించింది. వాళ్ల కాయలు, వాళ్ల బావాబావమరుదులు, మధ్యలో నాకెందుకు అనుకుంది. మోటారు గదిలో మేకుకు తగిలించి ఉన్న క్యారియర్ తీసుకుని ఇంటికొచ్చి, మూత తీసి, ముక్కు మూసుకుంది.

సోమవారం పొద్దున కూలీల ముఠా ఆటో దిగేసరికే కల్లంలో కేకలు. టిక్కీలు తగ్గాయి. శేషాచలం గారు లుంగీ ఎగగట్టి బస్తాల చుట్టూ తిరుగుతున్నారు. బుడే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కనిగిరి వైపు మనిషి. మిరప సీజనుకి భార్యాభర్తలిద్దరూ వచ్చి ఇక్కడే ఉంటున్నారు.

"నమ్మి కల్లం అప్పజెప్పా గదరా నీకు! నిన్న ఎక్కడ చచ్చావు?"

"పర్చూరు పోయినామయ్యా, మేమిద్దరం. బస్తాలు కుట్టే గోనెపురి తెమ్మని కోటేష్ బాబే పంపిచ్చినాడు. అదిగో పురి." బుడే గుడిసె వైపు చూపించాడు. పురి ఉండ గుమ్మం పక్కనే ఉంది.

కోటేష్ అక్కడే, బండి మీద ఒంటికాలు వేసి కూర్చుని ఉన్నాడు. "నేనా? నిన్నంతా చీరాల్లో ఉన్నా బావా. వీడు అమ్ముకుని నా పేరు చెబుతున్నాడు చూడు!"

ముక్కులకు తువాళ్లు చుట్టుకుని కుప్ప చుట్టూ కూర్చోబోతున్న ఆడవాళ్లలో నాగజ్యోతి ఉన్నపళంగా ఆగిపోయింది. కోటేష్ ఆమెను చూడలేదు. చూడకుండా ఉండటానికి ఎంత కష్టపడుతున్నాడో మెడ నరాల్లో తెలుస్తోంది. ఆమె నోరు తెరవబోయింది. ముఠా మేస్త్రీ ఏసుపాదం ఆమె మొగుడే. పెళ్లాం మొహంలో ఏదో కనబడి, తల అడ్డంగా ఆడించాడు. ఏ సంగతో అతనికి తెలియదు. తెలియకుండానే వద్దన్నాడు.

శేషాచలం గారు అతని వైపే తిరిగారు. "ఏసుపాదం, నీ ముఠావాళ్లు రోజూ వీడితోనే ఉంటారు. పైగా మీ సంఘానికి పెద్దవి, అబద్ధమాడవు. వీడెట్లాంటోడో నువ్వు చెప్పు. నీ మాటను బట్టే స్టేషన్లో కంప్లైంటు ఇవ్వాలో వద్దో చూస్తా."

"రేపు చెప్తానండి. మావాళ్లని అడిగి చూసి," అన్నాడు ఏసుపాదం.

ఆ పూట మంచి కాయలు ఒక పక్కకు, తెల్లబారిన తాలు కాయలు ఇంకో పక్కకు ఏరుతుంటే నాగజ్యోతి చేయి రెండుసార్లు తప్పింది. ఎదురుగా కూర్చున్న షమా తలెత్తకుండా ఏరుతోంది. కళ్లు తుడుచుకుంటే అదో బాధ, మిరప చేతులు. అందుకని కన్నీళ్లు కారినవి కారినట్టే వదిలేసింది. ఈ కల్లంలో ఏడుపుకీ ఘాటుకీ తేడా ఎవరు పట్టించుకుంటారు?

అన్నాల వేళ నాగజ్యోతి మొగుణ్ణి మోటారు గది వెనక్కి పిలిచి, చూసింది చూసినట్టు చెప్పింది. ఏసుపాదం మొహం పాలిపోయింది.

"ఎవరితోనన్నా అన్నావా?"

"లేదు."

"అనబాకు. నిన్న నువ్వు ఇంట్లోనే ఉన్నావు. అర్థమైందా? బావమరిదిని దొంగన్నాక మనల్ని ఈ కల్లంలో అడుగు పెట్టనిస్తాడా? ఈయన వద్దంటే పక్క కల్లం వాళ్లు రమ్మంటారా? అదిగో, అంతమంది ఆడోళ్లు నన్ను నమ్ముకుని ఆటో ఎక్కుతున్నారు. వాళ్లని ఎక్కడికి తీసుకుపోను?"

"మరి బుడే?"

"నేను ఔనన్ను, కాదన్ను. నాకు తెలవదంటా. తెలవదంటే తప్పేముందే?"

చెప్పినా వినడు. పెళ్లయిన నాటి నుంచీ ఆమె మాట విని అతను ఒక్క పని చేసిన పాపాన పోలేదు.

ఆ సాయంత్రం చేతుల మంటకు మజ్జిగ రాసుకుని, అరుగు మీద కూర్చుని ఆ ఒక్క వచనాన్నీ మళ్లీ చదివింది. ఆవిడక్కూడా మొగుడి చేత చెప్పించాల్సిన మాట ఒకటుంది, ఆ మాట మీద ఒకడి బతుకుంది. ఆవిడ కూడా నేరుగా చెప్పలేదు, కల వచ్చిందంది. ఏసుపాదం పెళ్లాం మాట వినడు గానీ కల మాట వింటాడు. మొన్నటికి మొన్న కలలో పాము కనబడిందని ముఠాని మొత్తం దింపి వేరే ఆటో ఎక్కించాడు. సంఘం సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆడది లేచి నాకిట్లా అనిపిస్తోందంటే కూర్చోమంటారు, నాకు కలొచ్చిందంటే మైకిస్తారు.

దేవుడి పేరు మీద అబద్ధం. తప్పు కాదా? తప్పే. ఆ రాత్రి ఆమెకు నిద్రే పట్టలేదు, ఇంక కలెక్కడిది!

మంగళవారం తెల్లారగానే చెప్పేసింది. "ఏమయ్యా, నాకో కలొచ్చింది. ఎర్రటి కుప్ప. కుప్ప ముందు తెల్లబట్టల మనిషి, చేతులు కట్టేసున్నాయి, ఏడుస్తున్నాడు. ఆయన వెనకమాల ఎవరో మూటలు మోసుకుపోతున్నారు. మొహం కనపళ్లా."

మొహం కనబడిందని చెబితే పేరు అడుగుతాడు. అందుకే కనబడలేదంది. ఈ మాత్రం చెబితే చాలు, కట్టేసినవాడు దొంగ కాదని గడ్డిమేసేవాడికైనా అర్థమవుతుందనుకుంది.

ఏసుపాదం పళ్లు తోముకునే పుల్ల కింద పడేశాడు. "తెల్లబట్టలా? చేతులు కట్టేసున్నాయా? నిజంగా?" అని రెండుసార్లు అడిగి, కల్లానికి కూడా పోకుండా సరాసరి పాస్టరు గారింటికి పరిగెత్తాడు. నాగజ్యోతికి ప్రాణం లేచొచ్చింది. ప్రభువా, ఈ ఒక్క అబద్ధం క్షమించు అనుకుంది.

సాయంత్రం ప్రార్థనలో పాస్టరయ్యగారు ఆమెను ముందుకు పిలిచి కల చెప్పించారు. చెడ్డవాడు కాదు అయ్యగారు. ఎవరికి జ్వరమొచ్చినా మోకాళ్ల మీద ఉండి ప్రార్థించే మనిషి. కళ్లు మూసుకుని విన్నారు. తెరిచేసరికి నీళ్లున్నాయి.

"ఆ తెల్లబట్టలాయన ఎవరనుకుంటున్నారు? ప్రభువే! ఆయన చేతులు ఎవరు కట్టేశారు? మనమే. మన కళ్ల ముందు పాపం జరుగుతుంటే, మనకెందుకులే, తెలియదులే అని నోరు మూసుకుంటే ఆయన చేతులు కట్టేసినట్టే!"

నాగజ్యోతి గుండె ఎగిసింది. అదే అయ్యగారూ, అదే!

"మూటలు మోసుకుపోయేవాడు ఎటు నుంచి వచ్చాడు? వెనక నుంచి. ఎందుకు మొహం కనబళ్లేదు? మనోడు కాదు గనక. బయటి నుంచి వచ్చినవాడు మన కష్టం మోసుకుపోతున్నాడు. ఏసుపాదం అన్నా, నువ్వు పెద్దవి. తెలియదని తప్పించుకోవాలని చూశావు. దేవుడు నీ భార్య ద్వారా నిన్ను గద్దించాడు. లేచి, ఉన్నమాట చెప్పు."

"ఆమేన్!" అన్నారందరూ. నాగజ్యోతి నోరు కూడా ఆమేన్ అంది. అయ్యగారు ఆపితే ఆమేన్ అనడం పుట్టినప్పటి నుంచీ ఉన్న అలవాటు, నోటికేం తెలుసు? అనేశాక గానీ తానేం విన్నదో ఆమెకు తలకెక్కలేదు. "అయ్యగారూ, అది కాదు..." అని లేచేసరికి పాట ఎత్తుకున్నారు, డప్పు అందుకుంది.

ఇంటికొచ్చాక మొగుడి చొక్కా పట్టుకుని చెప్పింది. "నాకు కల రాలేదయ్యా. నీ నోటి వెంట నిజం చెప్పిద్దామని అట్లా అన్నా. కోటేష్‌ని చూశానని నీకు తెలుసు గదా!"

ఏసుపాదం ఆమె చేయి మెల్లగా విడిపించుకున్నాడు. అతని మొహం తేటగా ఉంది. రెండు రోజులుగా లోపల నలుగుతున్నది తీరిపోయినట్టుంది. "భయపడి అట్లా అంటన్నావే. కోటేష్ శాంపిల్ కోసమే తీసుకుపోయాడేమో. బుడే వేరేగా అమ్ముకున్నాడేమో. నువ్వు చూసింది కొంచెం, దేవుడు చూపిచ్చింది మొత్తం," అన్నాడు.

బుధవారం పొద్దున అతను శేషాచలం గారికి చెప్పేశాడు, బుడే మీద నాకూ అనుమానమేనండీ అని. తెలియదంటానన్న మనిషి! ఊరుకుని ఉంటే పోయేది గదా, ఊరుకోబోయినవాణ్ణి తట్టి లేపింది ఎవరు? ఎండ ముదరకముందే జీపు వచ్చి బుడేని ఎక్కించుకుపోయింది. అప్పుడే నీళ్లు చిలకరించి మెత్తబడిన కాయల్ని అతను టిక్కీలో తొక్కుతున్నాడు. కాళ్లు కడుక్కోనిమ్మని అడిగాడు. కడుక్కోనివ్వలేదు.

షమా జీపు వెనకాల కొంతదూరం పరిగెత్తి, తిరిగొచ్చి, నేరుగా నాగజ్యోతి దగ్గరికే వచ్చింది. తిడుతుందేమో, మొహాన మట్టి కొడుతుందేమో అనుకుంది నాగజ్యోతి. కొట్టినా బాగుండేది. షమా వచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

"అక్కా, నీకు కలొచ్చిందంటగా. అందరూ అంటన్నారు. నిజమైన కలంట."

"షమా..."

"మా యూసుఫ్ నబీ కూడా కలలు చెప్పినాడక్కా, మీకూ ఉంటాడంటగా ఆయన. ఆయన్నీ చెయ్యని తప్పుకే జైల్లో ఏసినారు. రాజుకొచ్చిన కలలకి అర్థం చెప్పినందుకే బయటకొచ్చినాడు." షమా గొంతు తగ్గించింది. "ఇవ్వాళ మళ్లీ పడుకో అక్కా. నీ కాళ్లు పట్టుకుంటా. ఇంకో కల కను. మా ఆయన చెయ్యలేదని వచ్చేట్టు కను."

నాగజ్యోతి కింద కూలబడింది. ఏం చెబుతుంది? నా కల అబద్ధం, దాన్ని నీ మొగుడి కోసమే అల్లానని చెబుతుందా? అదీ చెప్పింది, ఏడుస్తూ మొత్తం చెప్పేసింది. షమా కళ్లార్పకుండా విన్నది. "చూశావా? నువ్వు చూశావా?" అని ఒక్కటే అడిగింది.

"చూశా."

"మరి చూశానని చెప్పక కల అన్నావెందుకక్కా?"

నాగజ్యోతి లేచి, ముఠా అంతా చూస్తుండగా కుప్పలు దాటుకుంటూ శేషాచలం గారి ముందుకు పోయి నిలబడింది. ఈసారి కల మాట ఎత్తకుండా చెప్పింది, ఆదివారం, ట్రాలీ, కోటేష్, శాంపిల్, అన్నీ.

శేషాచలం గారు కోప్పడలేదు. కోప్పడితే ఎదురు మాట్లాడొచ్చు. ఆయన నిదానంగా అడిగారు. "నిన్న కలొచ్చిందన్నావు గదమ్మా?"

"అబద్ధమండి."

"మీ దేవుడి పేరు మీద, మీ గుళ్లో, మీవాళ్లందరి ముందూ అబద్ధమాడావు. ఔనా?"

"ఔనండి."

"దేవుడి మీదే ఆడినదానివి, నా బావమరిది మీద ఆడవని నేనెట్లా నమ్మాలి?"

ఆయన పక్కకు తిరిగారు. "ఏసుపాదం, మీ ఆవిడ ఆదివారం ఇక్కడికి వచ్చిందా?"

క్యారియర్ ఇంటికొచ్చింది. సోమవారం అన్నం అందులోనే తిన్నాడు. ఏసుపాదం పెళ్లాం వంక చూడలేదు, కుప్ప చుట్టూ కూర్చున్న ఆడవాళ్ల వంక చూశాడు. వాళ్లందరి చేతులూ ఆగిపోయి ఉన్నాయి.

"నాకు తెలవదండి," అన్నాడు.

అని, మోటారు దగ్గరికి పోయి గొట్టం కింద చేతులు పెట్టాడు. పొద్దున్నుంచి కాయల్లో పెట్టిన చేతులు. మిరప మంట నీళ్లకు పోదని ఈ ముఠాలో అందరికీ అతనే చెబుతాడు, ముందు నూనె రాయండర్రా అని. అయినా అట్లా రుద్దుతూనే ఉన్నాడు, చాలాసేపు. నాగజ్యోతి చూస్తూ నిలబడింది. కోపం కూడా రాలేదు. ఆ నోటి వెంట నిజం చెప్పించడానికి నేనెవరు, నాకు నోరు లేదా అనుకుంది.

గురువారం ఆమె కల్లానికి పోలేదు. రమ్మని ఎవరూ అనలేదు కూడా. మధ్యాహ్నం అన్నం వండి, పప్పు చేసి, క్యారియర్ గిన్నెల్లో సర్దుతుంటే శివపార్వతి వాకిట్లోకి వచ్చింది. "ఏమే, ఇవ్వాళ నీ కలే గదా. కూడికకి రావా? అమ్మగారు నిన్ను అడగమన్నారు."

"రానని చెప్పు."

"ఏం చెప్పలేకనా? ఒక్క వచనమేనని ఆ రోజు ఏడ్చావు గదా?"

నాగజ్యోతి క్యారియర్ కొక్కెం బిగించింది. "ఆవిడ కబురంపింది వదినా, తను పోలేదు. పోయినట్టు ఎక్కడా రాసిలేదు. ఎంత బాధపడిందో ఏమో గానీ ఇంట్లోంచి కాలు బయట పెట్టలేదు. నేను నేర్చుకున్న పాఠం అదేనని అమ్మగారికి చెప్పు."

శివపార్వతి క్యారియర్ వంక చూసింది. "మజ్జిగ కూడా పట్టుకుపో, ఎండగా ఉంది," అని వెళ్లిపోయింది.

అనుకున్నట్టే బస్టాండు దగ్గర షమా కలిసింది. ఇద్దరూ ఆటో ఎక్కి పోలీసు స్టేషన్ దగ్గర దిగారు. లోపల కటకటాల వెనక బుడే గోడకానుకుని కూర్చుని ఉన్నాడు. కాళ్ల మీద మిరప రంగు ఇంకా పోలేదు. కుర్చీలో ఉన్న కానిస్టేబులు ఫోన్లోంచి తలెత్తి, ఎవరు మీరని అడిగాడు. ఊరి పేరు వినగానే ఫోన్ పక్కన పెట్టాడు.

"ఓహో, కలగన్నామెవి నువ్వేనా? ఏసుపాదం పెళ్లానివి గదూ? మీ ఊరంతా అదే మాటగా!" ముందుకు వంగాడు. "ఎట్లా వచ్చింది? తెల్లారుజామునేనా? తెల్లబట్టలాయన మొహం కనపడిందా?"

"కల కాదు సార్. నేను చూశాను. అది చెబుదామనే వచ్చా."

"చూసిన సంగతి ఎస్సైగారు వచ్చాక మాట్లాడుదువుగాని. ఎప్పుడొస్తారో ఏమో. ముందు ఆ కల చెప్పు." పక్క టేబులాయన కూడా కుర్చీ ఇటు తిప్పుకున్నాడు.

షమా ఆమె చెంగు పట్టి లాగింది. "చెప్పక్కా," అంది గుసగుసగా. "కలే చెప్పు. కలైతే ఇంటన్నారుగా. ఈసారి మా ఆయన కట్లు ఊడిపోయినట్టు చెప్పు."

కటకటాల వెనక బుడే తల తిప్పి చూశాడు. నాగజ్యోతి అటు చూడలేకపోయింది. చెబితే వింటారు, కళ్లు మూసుకుని మరీ వింటారు. విన్నాక దానికి అర్థం మాత్రం వాళ్లు చెబుతారు.

ఆమె క్యారియర్ బల్ల మీద పెట్టి, చేతులు చెంగుకు తుడుచుకుంది.

"ఆదివారం మధ్యాహ్నం సార్," అంది. "చర్చి అయిపోయాక. బాగా ఎండగా ఉంది. నేను మెలకువగానే ఉన్నాను."

కానిస్టేబులు వెనక్కి వాలి మళ్లీ ఫోన్ అందుకున్నాడు. నాగజ్యోతి ఆపకుండా చెబుతూనే ఉంది.